ఒక్క మాట, రెండు అర్థములు

మా సంఘములో పంట పండుగ రోజున ఆరాధన ముగిసిన తరువాత అందరమూ కలిసి భోజనము చేయుట ఆనవాయితీ. ఒక సంవత్సరము చర్చి ఆవరణలో వేపచెట్టు క్రింద పొడవాటి బంతి కూర్చున్నది. వడ్డన పడుచువాళ్ళ వంతు. అన్నపు గంప పట్టుకొని వస్తున్న కుర్రవాడిని ఒక పెద్దాయన పిలిచి, "ఇటు కాస్త అన్నం వెయ్యి బాబూ" అన్నారు.

"వెయ్యి ఎక్కడ తింటావు తాతయ్యా! రెండు గరిటెలు వేస్తాను, ముందు అది తిను" అన్నాడు వాడు.

బంతి అంతా నవ్వింది. పెద్దాయనకు నవ్వు ఆగక పొలమారింది. ఎవరో నెత్తిన తట్టి మంచినీళ్ళు అందించారు. అయితే ఆ వరుసలోనే కూర్చున్న ఒక అక్కయ్య మాత్రము నవ్వలేదు. "వీడిని ఏమీ అడగకూడదమ్మా. ఏది అడిగినా దానికొక వంకర జవాబు. అవతల ఆకలితో పిల్లలు ఏడుస్తున్నారు, వీడికి పరాచికాలు" అని గొణిగింది.

ఆ రోజు ఇంటికి వస్తూ మేము ఈ ఇద్దరిని గురించీ ఆలోచించాము. పొలమారేటట్టు నవ్విన తాతగారిది తప్పు కాదు. విసుక్కున్న అక్కయ్యదీ తప్పు కాదు. ఒకే మాట ఒకరికి విందు అయింది, ఇంకొకరికి ఆకలి మీద ఆలస్యము అయింది. మన ఇళ్ళలో ప్రతి రోజూ జరిగే ఈ చిన్న విషయమును గురించి నాలుగు మాటలు చెప్పుకుందాము.

మన వంటింట్లో ఉన్న శ్లేష

ఒకే మాటలో రెండు అర్థములు పలికించుటను మన పెద్దలు శ్లేష అన్నారు. ఆ సంస్కృత పదమునకు కౌగిలింత, అంటిపెట్టుకొని ఉండుట అని అర్థము. రెండు అర్థములు ఒకే మాటలో విడదీయరాకుండా అతుక్కొని ఉంటాయి గనుక ఆ పేరు వచ్చింది. పేరు పెద్దదే గాని పని చిన్నది. బడి మొహము చూడని మన అమ్మమ్మలు కూడా రోజుకు పదిసార్లు చేసిన పనే అది.

అన్నము తినక మారాము చేసే పిల్లవాడికి తల్లి ఏమి చెబుతుంది? "పెరుగు వేసుకో నాన్నా, పెరుగుతావు" అంటుంది. వాడు నవ్వి ఒక ముద్ద తింటాడు. బట్టలు ఆరవేసిన కూతురిని "ఎన్ని ఆరాయే?" అని అడిగితే, "ఆరే ఆరాయమ్మా, మిగతావి ఇంకా తడే" అంటుంది. "పచ్చడి నూరు" అంటే "నూరు రూపాయలిస్తే నూరుతాను" అని బేరమాడే పిల్లలు లేని ఇల్లు ఏది? అన్నదమ్ములు పాలు పంచుకొన్నారని ఎవరైనా చెబితే, అది ఆవు ఇచ్చిన పాలో, తండ్రి ఇచ్చిన ఆస్తిలో పాలో మళ్ళీ అడిగి తెలుసుకోవలసినదే.

మాటను విరిచి ఆడే ఆట మరొకటి ఉన్నది. మాకు తెలిసిన ఆరేళ్ళ పాప వాళ్ళ ఇంటికి వచ్చిన మేనమామను స్నేహితురాలికి చూపించి, "ఈయన నాకు మామయ్య. నీకైతే మీమయ్య" అన్నది. అంతటితో ఆగక, పక్కింటివారి చెట్టుకు కాసినవి మామిడికాయలు కావనీ, వాటిని మీమిడికాయలు అనాలనీ తేల్చింది. ఆ పాపకు ఎవరూ వ్యాకరణము నేర్పలేదు. కాని మాటను విడగొట్టి చేసే ఈ పనికి సభంగ శ్లేష అనీ, విడగొట్టకుండా చేసే దానికి అభంగ శ్లేష అనీ పండితులు పేర్లు పెట్టి ఉన్నారు. 16వ శతాబ్దములో పింగళి సూరన ఈ రెంటినీ వాడి "రాఘవపాండవీయము" అనే కావ్యము వ్రాశాడు. ఒక విధముగా చదివితే రామాయణము, మరొక విధముగా చదివితే భారతము. అంత పెద్ద కవి చేసిన పనికీ, మామిడి చెట్టు క్రింద ఈ పాప చేసిన పనికీ మూలము ఒక్కటే. ఇద్దరూ మాటను అటూ ఇటూ తిప్పి చూశారు.

"అండి" చేర్చితే ఆట ఆగుతుంది

తెలుగులో ఇన్ని శ్లేషలు ఎందుకు దొరుకుతాయి? గమనించి చూస్తే ఒక కారణము కనబడుతుంది. మన భాషలో ఒకరిని ఒక పని చేయమని చనువుగా చెప్పినప్పుడు క్రియాపదము పొట్టిగా, చివర ఏ తోకా లేకుండా నిలుస్తుంది. చెప్పు, వెయ్యి, చెయ్యి, నూరు, పెరుగు, తోడు, కొట్టు. ఇవే మాటలు వస్తువులకు, అంకెలకు, అవయవములకు కూడా పేర్లు. కాలికి వేసుకొనేది చెప్పు. సరుకులు అమ్మేది కొట్టు. అందుచేత "చెప్పు" అనగానే "గుమ్మం దగ్గర ఉంది చూడు" అనే జవాబు సిద్ధముగా ఉంటుంది.

ఇప్పుడు అదే మాటను పెద్దలతో అని చూడండి. "చెప్పండి", "వెయ్యండి", "నూరండి". శ్లేష ఎక్కడికి పోయింది? "చెప్పండి"లో చెప్పు లేదు, "వెయ్యండి"లో వెయ్యి లేదు. గౌరవముగా "అండి" చేర్చిన వెంటనే రెండవ అర్థము రాలిపోతుంది. ఎవరూ కూర్చొని ఈ నియమము పెట్టలేదు. కాని ఈ మాటలతో ఆడుకొనేది నువ్వు అని పిలుచుకొనేటంత చనువు ఉన్న చోటనే అని మన భాష తనంతట తానే ఒక హద్దు గీసినట్టు ఉన్నది. పన్ను, పాలు, మందు వంటి మాటలు ఆ హద్దును దాటి ఎవరితోనైనా పలుకుతాయి. అక్కడ హద్దు గీసుకొనవలసినది మనమే.

పరిశుద్ధ గ్రంథములో మాటల పొత్తు

మన సంఘములలో కొందరు మాటలతో ఆడుట తేలికతనమని అనుకొంటారు. అయితే హెబ్రీ, గ్రీకు మూలములలో ఇటువంటి మాటల పొత్తు చాలా చోట్ల ఉన్నది. యిర్మీయా గ్రంథము మొదటి అధ్యాయములో ప్రవక్తకు బాదము చెట్టు చువ్వ కనబడుతుంది. వెంటనే దేవుడు తన వాక్యమును నెరవేర్చుటకు కనిపెట్టి ఉన్నాడనే మాట వస్తుంది. బాదము చెట్టుకూ కనిపెట్టి ఉండుటకూ సంబంధము ఏమిటని తెలుగులో చదివేవారికి సందేహము కలుగుతుంది. హెబ్రీ భాషలో బాదమును షాకేద్ అంటారు. మెలకువగా కనిపెట్టి ఉన్నవాడిని షోకేద్ అంటారు. విన్నవారి చెవికి ఆ రెండూ ఒకదానినొకటి పిలిచాయి. ఆమోసు గ్రంథము ఎనిమిదవ అధ్యాయములో వేసవి పండ్ల గంప కూడా అటువంటిదే. ఆ పండ్లకు హెబ్రీ మాట కయిత్స్, అంతము అనుటకు కేత్స్. శ్లేష ఒక భాషలో నుండి మరొక భాషలోనికి సులభముగా దాటదు. అందుచేతనే మనకు అది కనబడదు.

వీటన్నిటిలో మాకు ఎక్కువ ఇష్టమైనది ఫిలేమోను పత్రికలోనిది. యజమానునికి దూరమైన దాసుడు ఒనేసిము. ఆ పేరుకు గ్రీకులో ప్రయోజనకరమైనవాడు అని అర్థము. ఒకప్పుడు ఎందుకూ పనికిరాని వాడనిపించుకొన్న అతడు ఇప్పుడు నిజముగా తన పేరుకు తగినవాడయ్యాడనే భావము వచ్చేటట్టు పౌలు వ్రాశాడు. ఒక మనిషి పేరు మీద ఆడిన మాటే అది. కాని ఆ మాట విని ఒనేసిము తల దించుకొనవలసిన అవసరము లేదు. ఆ మాట అతడిని తిరిగి ఆ ఇంటి గుమ్మములోనికి తీసుకొని పోవుటకు వ్రాసినది.

విసుగు ఎక్కడ మొదలవుతుంది?

ఇక రెండవ వైపు చూద్దాము. మా బంధువులలో ఒక బాబాయి ఉండేవారు. ఆయన పళ్ళు ఊడిపోతే పట్నము వెళ్ళి కట్టుడు పళ్ళు పెట్టించుకొన్నారు. ఆ సంవత్సరము పంచాయితీ బిల్లు కలెక్టరు వచ్చి, "ఇంటి పన్ను కట్టారా బాబాయిగారూ?" అని అడిగాడు. ఆయన నోరు బార్లా తెరిచి, "కట్టించుకున్నానయ్యా, చూడు!" అన్నారు. అరుగు మీద ఉన్న అందరమూ కడుపుబ్బ నవ్వాము. బిల్లు కలెక్టరు కూడా నవ్వాడు.

మరుసటి సంవత్సరమూ అదే మాట. ఆ పై సంవత్సరమూ అదే. నాలుగవ ఏడు వచ్చేసరికి బాబాయి నోరు తెరవక ముందే అతడు, "తెలుసు బాబాయిగారూ, కట్టించుకున్నారు. డబ్బులు ఇటివ్వండి, రసీదు రాస్తాను" అన్నాడు. లోపల పిన్ని తల పట్టుకొని కూర్చున్నది. శ్లేషకు ప్రాణము ఆశ్చర్యములో ఉన్నది. రెండవసారి చెబితే పాతది, మూడవసారి చెబితే భారము. వినేవారు నవ్వలేదని వివరించి చెప్పబోతే అది అక్కడికక్కడే చనిపోతుంది.

ఈ విసుగు చిన్నది, ఓర్చుకోవచ్చు. ఇంతకంటె పెద్దది ఒకటి ఉన్నది. ప్రతి మాటలోనూ రెండవ అర్థము వెదకే అలవాటు పడినవాడు మొదటి అర్థమును వినుట మానివేస్తాడు. పిల్లవాడు బడి నుండి వచ్చి, "నాన్నా, పరీక్ష తప్పాను" అంటాడు. "దారి తప్పకుండా ఇంటికొచ్చావుగా, అదే చాలు" అంటాడు తండ్రి. ఈ మాట మంచిదా, చెడ్డదా? ఆ తండ్రి తరువాత ఏమి చేశాడో చూస్తేనే చెప్పగలము. వాడి భుజము మీద చేయి వేసి ప్రక్కన కూర్చోబెట్టుకొని, "ఏదీ, ఆ కాగితం చూపించు" అంటే, ఆ శ్లేష వాడి గుండె మీది బండను దించింది. నవ్వేసి మళ్ళీ పేపరు చదువుకుంటూ ఉండిపోతే, మూడు రోజులుగా ధైర్యము కూడగట్టుకొని వచ్చిన ఆ పిల్లవాడు మళ్ళీ ఏదీ చెప్పడు. ఒకే వాక్యము ఒక ఇంట్లో తలుపు తీసింది, ఇంకొక ఇంట్లో తలుపు మూసింది.

మేము చేసిన తప్పు

ఇతరుల సంగతి చెప్పి మా సంగతి దాచుకొనుట న్యాయము కాదు. మాకు తమ్ముడు వరుస అయిన ఒకతను మా ఊరిలోనే ఉంటాడు. ఒకప్పుడు తాగుడుకు లోబడి చాలా నష్టపోయాడు. తరువాత మానివేశాడు. మానివేసి రెండేళ్ళు దాటింది. అతని పెద్దమ్మాయికి సంబంధము కుదిరేటట్టు ఉన్నదని మమ్మల్ని కూడా పిలిచారు. పెళ్ళివారు వచ్చి వసారాలో కూర్చున్నారు. ఆ తమ్ముడు కొంచెము ఆలస్యముగా వచ్చి, బోరింగు దగ్గర కాళ్ళు చేతులు కడుక్కొంటూ, "క్షమించండి, మిరపతోటకు మందు కొట్టి వస్తున్నాను" అన్నాడు.

మేము ఊరుకోలేదు. నాలుక మీదకు వచ్చినదాన్ని ఆపుకోలేక, "ఏమిటీ, పొద్దున్నే మందు కొట్టావా! ఎన్నాళ్ళకు!" అనేశాము.

మా వాళ్ళు ఇద్దరు ముగ్గురు నవ్వారు. పెళ్ళివారు ఒకరి ముఖము ఒకరు చూసుకొన్నారు. కాఫీ గ్లాసుల పళ్ళెముతో గుమ్మము దాకా వచ్చిన అతని భార్య అక్కడే నిలిచిపోయింది. అతను ఏమీ అనలేదు. తువ్వాలుతో ముఖము తుడుచుకొంటూ చాలాసేపు అలాగే ఉండిపోయాడు. ఆ రోజు మాటలు ముందుకు సాగలేదు. మళ్ళీ కబురు చేస్తామని చెప్పి వారు వెళ్ళిపోయారు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. తెల్లవారగానే అతని ఇంటికి వెళ్ళాము. తమాషాకు అన్నామని చెప్పబోతే అతనే ముందు అందుకొన్నాడు. "తమాషాకే అన్నారు అన్నయ్యా, నాకు తెలుసు. కాని ఆ మాటకు రెండో అర్థం మా ఇంట్లో లేక రెండేళ్ళయింది. మీరు మళ్ళీ తీసుకొచ్చారు" అన్నాడు.

ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. అదే రోజు బస్సెక్కి పెళ్ళివారి ఊరు వెళ్ళాము. తప్పు మా నోటిదని, ఆ మనిషి మాట మీద నిలబడినవాడని వారి పెద్దల ఎదుట చెప్పి వచ్చాము. వారు విచారించుకొన్నారు. సంబంధము నిలిచింది, పెళ్ళి కూడా జరిగింది. అందరూ మరచిపోయారు. అయితే ఒక్కటి మేము మరువలేకపోతున్నాము. ఆ తమ్ముడు ఆ రోజు నుండి "మందు కొట్టాను" అనడు. "పిచికారీ చేసి వచ్చాను" అంటాడు. ఊరిలో రైతులందరూ రోజూ వాడుకొనే ఒక మాటను మేము అతని నోటి నుండి లాగేసుకొన్నాము. దానిని తిరిగి ఇచ్చే దారి మాకు ఇప్పటికీ తెలియలేదు.

నవ్వులో ఆ మనిషి ఉన్నాడా?

అందుచేత మాటలతో ఆడుకొనుట మానివేయాలా? మానివేస్తే మన వంటిళ్ళు, అరుగులు మూగబోతాయి. మేము మానలేదు. ఒక సంగతి మాత్రము చూసుకొంటున్నాము. నోరు తెరవక ముందు ఎదుటివారి మాట పూర్తిగా విన్నామా అని ఆగుతాము. ఆ నవ్వులో ఆ మనిషి కూడా కలుస్తాడా, లేక అందరూ నవ్వుతుండగా ఒంటరిగా మిగిలిపోతాడా అని చూస్తాము. ఒకరి పేరు మీద, శరీరములోని లోపము మీద, దాటి వచ్చిన పాత తప్పు మీద ఎంత చక్కని శ్లేష తోచినా మింగివేయుట మంచిది. మింగిన మాట వలన అజీర్తి చేసి బాధపడినవారు ఎవరూ లేరు. ఎవరి గాయము మీద వారే నవ్వుకొనుటకు హక్కు ఉన్నది. ఆ హక్కు వారు ఇచ్చే వరకు మనకు లేదు.

ఈ సంగతిని మాకు చిన్నతనములోనే ఒక మామ్మ నేర్పింది. అప్పుడు మాకు అర్థము కాలేదు.

మా ఇంటి ప్రక్క ఇంట్లో ఆమె ఒంటరిగా ఉండేది. ఒక సాయంత్రము మా ఇంట్లో తోడు మిగలలేదు. అమ్మ చిన్న గిన్నె ఇచ్చి మమ్మల్ని పంపించింది. వెళ్ళి, "మామ్మా, అమ్మ కాస్త తోడు ఇమ్మంది" అన్నాము.

"తోడా?" అన్నది మామ్మ నవ్వుతూ. "నా తోడు పోయి నాలుగేళ్ళయిందిరా! ఉండు, మీ పాలకైతే ఇస్తాను." ఉట్టి మీది పెరుగు చట్టి దించి, చెంచాడు పెరుగు గిన్నెలో వేసి ఇచ్చింది.

మాకు భలే తమాషాగా అనిపించింది. ఇంటికి వచ్చి ఆ మాట అమ్మకు చెప్పి పకపకా నవ్వాము. అమ్మ నవ్వలేదు. గిన్నె చేతిలో పట్టుకొని కాసేపు అలాగే నిలబడింది. పాలలో ఆ తోడు వేసి, మూత పెట్టి, చాప, దుప్పటి తీసి మా చేతికి ఇచ్చింది.

"ఈ రాత్రి నుంచి మామ్మ ఇంట్లో పడుకో" అన్నది.

"ఎందుకమ్మా?" అని అడిగాము.

"తెచ్చుకున్న తోడు తిరిగి ఇవ్వాలి కదా" అన్నది అమ్మ.